పుర ప్రణాళికకు శ్రోతలెవరు?

మన ప్రబంధకవులు కథ నారంభించుటకు ముందు పురమును వర్ణించుట పరిపాటి. ఆలంకారికులు చెప్పిన అష్టాదశ వర్ణనలలో నగర వర్ణనమే మొదట నిలుచును. పెద్దన మనుచరిత్రమున ప్రవరుని మనము చూచుటకు ముందు అతని అరుణాస్పదపురమును చూతుము. ఈ సంప్రదాయము కామారెడ్డి ప్రాంతమునకు కొత్తది కాదు. దోమకొండ, బిక్కనవోలు సీమల నేలిన కామినేని వంశమునందే షట్చక్రవర్తి చరిత్రమును రచించిన మల్లారెడ్డి జన్మించెను.

కవి పురమును వర్ణించినప్పుడు ఎవని ఇంటిగోడయు కూలదు. కోటను ఆకాశమున కెత్తినను, అగడ్తను పాతాళమునకు దింపినను భూమి కోల్పోవువాడు లేడు. అయినను ఆ కవి తన కావ్యమును సభలో చదివి వినిపించెడివాడు. పండితులు ప్రశ్నించెడివారు, తప్పు పట్టెడివారు; కవి సమాధానము చెప్పవలసియుండెడిది. ఎవరికిని నష్టము కలిగింపని రచనకే ఇంత పరీక్ష యుండెను.

ఈ కాలమున పురమును ముందుగా వర్ణించువాడు వేఱొకడు. అతని చేతిలో గంటమునకు బదులు రంగుల పటము కలదు. దానికి మాస్టర్‌ ప్లాను అని పేరు. ఇరువది యేండ్ల తరువాత ఊరు ఎటు పెరుగవలయునో, ఎచట ఇండ్లు, ఎచట అంగళ్లు, ఎచట కర్మాగారములు ఉండవలయునో అతడు నేడే గీచిపెట్టును. ఆ గీతపై రోడ్డు పడును. ఆ రంగునుబట్టి భూమి వెల పెరుగును, తరుగును. ఆ రంగునుబట్టియే రేపు ఒక గృహస్థునకు ఇల్లు కట్టుకొను అనుమతి లభించును, లభింపకపోవును. ఇట్టి రచనకు శ్రోతలెవరు? అది ఏ సభలో చదువబడుచున్నది? ఈ ప్రశ్నను పాఠకుల ముందుంచుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

కామారెడ్డి 2016 అక్టోబరు 11న జిల్లాకేంద్రమైనది. హైదరాబాదునుండి ఉత్తరమునకు పోవు జాతీయ రహదారి మీద, రైలుమార్గము మీద నున్న ఊరు. కార్యాలయములు వచ్చినవి, కళాశాలలు పెరిగినవి, చుట్టుపట్ల పల్లెలు పట్టణములో కలిసినవి. ఇట్టి ఊరికి ప్రణాళిక అవసరమని ఎవరైనను ఒప్పుకొందురు. 2022 నవంబరులో పురపాలక సంఘము వారి మాస్టర్‌ ప్లాను ముసాయిదా వెలువడెను. అభ్యంతరములు తెలుపుకొనుటకు అరువది దినముల గడువు చట్టప్రకారము ఇచ్చిరి. ఆ గడువు తీరకముందే ఊరు అట్టుడికినది.

లింగాపురము, ఇల్చిపూరు, టేక్రియాలు, అడ్లూరు ఎల్లారెడ్డి మొదలగు గ్రామముల రైతులు తమ పంటపొలములు పారిశ్రామిక జోనులో పడినవనియు, నూరడుగుల రోడ్లు తమ మళ్ల మీదుగా గీయబడినవనియు తెలిసికొని ఆందోళన చేసిరి. (ఈ అడ్లూరు ఎల్లారెడ్డి కామారెడ్డి చెంతనున్న గ్రామము, ఒకప్పటి తాలూకా పట్టణమైన ఎల్లారెడ్డి వేఱు. దానిని గూర్చి తరువాత చెప్పెదను.) 2023 జనవరి మొదటి వారమున అడ్లూరు ఎల్లారెడ్డి రైతు ఒకడు ప్రాణము తీసికొనెను. భూమి పోవునను దిగులే కారణమని అతని వారు చెప్పిరి. రైతులు కలెక్టరు కార్యాలయమును ముట్టడించిరి. పట్టణమున బందు జరిగెను. తుదకు జనవరి 20న పురపాలక సభ ఆ ముసాయిదాను రద్దు చేయవలయునని తీర్మానించెను. ఆ దినముననే జగిత్యాలలో కూడ ఇట్టి తీర్మానమే జరిగెను.

ఆందోళన నడుమ అధికారులు, మంత్రులు ఒక మాట పదేపదే చెప్పిరి: "ఇది ముసాయిదా మాత్రమే; అభ్యంతరములు చెప్పుకొనవచ్చును." ఈ మాట చట్టమునకు సరిపోయినదే. కాని ఇందలి రెండు పదములను భాషాధ్యాపకుడు కొంచెము నిలిచి చూడవలసియున్నది.

ముసాయిదా యనునది అరబ్బీ నుండి పారసీకము ద్వారా మనకు వచ్చిన మాట. దానికి మూలార్థము నల్లబఱచినది యని. సాపు ప్రతి వ్రాయుటకు ముందు కొట్టివేతలతోను, దిద్దుబాటులతోను సిరా మరకలతోను నల్లబడిన కాగితము ముసాయిదా. అనగా పదిమంది చేతులు పడినగాని అది ముసాయిదా యనిపించుకొనదు. కంప్యూటరుపై నిగనిగలాడుచు, ఒక్క దిద్దుబాటు మచ్చయైనను లేక గోడకెక్కిన రంగుల పటమును జనులు తుదిప్రతిగానే భావింతురు. అందు వారి తప్పేమి?

ఇక అభ్యంతరము. సంస్కృతమున ఈ పదమునకు లోపలిది యని అర్థము. తెలుగున అది ఆక్షేపణగా మారినది. ఈ మార్పులో ఔచిత్యము లేకపోలేదు. మనసు లోపల నున్నది వెలికి వచ్చినప్పుడే అది అభ్యంతరమగును. అయితే లోపల నున్నదానిని వెలికి తెచ్చుటకు మొదట అవతలివాడు చెప్పినది అర్థము కావలెను. అర్థము కానిదానికి అభ్యంతరము పుట్టదు. భయము మాత్రము పుట్టును. అరువది దినములలో వ్రాతపూర్వకముగా రావలసిన అభ్యంతరము అర్థము కానప్పుడు వీథిలోనికి బందుగా వచ్చును.

ఒకప్పుడు మా విద్యార్థి తండ్రి ఒక ప్రణాళికా పటము నకలును చదివి చెప్పుమని నాయొద్దకు తెచ్చెను. అది ఏ ఊరిదో ఇచట అప్రస్తుతము. అందు "ప్రపోజ్డ్‌ రిక్రియేషనల్‌ యూజ్‌" అని యొకచోట, "పెరిఫెరల్‌ రోడ్‌" అని వేఱొకచోట ఆంగ్లాక్షరములలో నుండెను. వాగులకు పేరు లేదు. చెరువునకు ఒక సంఖ్య కలదు. నేను వివరించినంత వివరించితిని. అతడు చాలసేపు పటమునే చూచి, "గీ కాగితంల మా పొలం యాడున్నది సారూ?" అని యడిగెను. ఆ ప్రశ్నకు నేను ఉత్తరము చెప్పలేకపోయితిని. పటముపై సర్వే నంబర్లు చదువుటకు వీలుకానంత చిన్నవి. నలువది యేండ్లు దున్నిన పొలమును దాని యజమాని గుర్తింపలేని పటమును జూచి అతడు అరువది దినములలో అభ్యంతరము వ్రాయవలెనట!

ఇంతమాత్రమున ప్రణాళికలే వలదని నేననను. ఆ వాదమునకు ఎదురుగా చెప్పవలసినది చాల కలదు. ఏ ప్రణాళికయైనను ఎవనికో నొప్పి కలిగించును. రోడ్డు వెడల్పు చేయవలెనన్న ఒకని ప్రహరి పోవును. పిల్లలు ఆడుకొను మైదానము కావలెనన్న ఒకని ప్లాటు తగ్గును. భూమిగలవారు బిగ్గరగా మాట్లాడుదురు. అద్దె యింటిలోనున్నవాడు, రేపు పుట్టబోవు బిడ్డ మాట్లాడరు. ఆక్షేపణ వచ్చినంతనే పటమును చించివేయుట యలవాటైనచో ఊరు పెరుగక మానదు. ప్రణాళిక లేకుండ పెరుగును. పొలము నడుమ ప్లాట్లు వేయువాడు మాస్టర్‌ ప్లాను కొఱకు వేచియుండడు. కావున 2023 జనవరి తీర్మానమును రైతుల విజయమని కొందరు, అధికారుల పరాజయమని కొందరు పలికినను, నాకది అసంపూర్ణ సంభాషణముగా కనబడుచున్నది. ఒకరు చెప్పినది ఇంకొకరికి అర్థమగులోపలనే సభ ముగిసినది.

ప్రణాళిక లేని పెరుగుదల ఎట్టిదో తెలిసికొనుటకు ఒక్క సంఖ్య చాలును. 2020 ఆగస్టు 31న రాష్ట్ర ప్రభుత్వము అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను క్రమబద్ధము చేయుటకు ఎల్‌.ఆర్‌.ఎస్‌. పథకమును ప్రకటించెను. దానికి వచ్చిన దరఖాస్తులు 25 లక్షలకు మించినవి. ఇన్ని లక్షలమంది తమ కూడబెట్టిన ధనమును ఏ అధికారియు పరిశీలింపని నేలపై పెట్టిరని దీని యర్థము. చట్టబద్ధమైన లేఅవుటులో నూటికి పదివంతుల స్థలము ఖాళీగా విడువవలెను. ఆ ఖాళీ స్థలము లేనిచోట తరువాత రుసుము కట్టించుకొనవచ్చును గాని, ఆ రుసుముతో ఆ వీథిలోనే ఉద్యానము మొలవదు.

ఇల్లు కట్టుకొనుటకు అనుమతి విషయమున 2020లో వచ్చిన బీపాస్‌ చట్టము గొప్ప మార్పు తెచ్చెను. 75 గజముల లోపు స్థలమున ఏడు మీటర్ల ఎత్తు మించని ఇంటికి అనుమతియే అక్కఱలేదు. ఒక్క రూపాయితో నమోదు చేసికొన్న చాలును. 600 గజముల వఱకు, పది మీటర్ల ఎత్తు లోపు, యజమాని స్వయముగా ధ్రువీకరించినంతనే అనుమతి లభించును. అంతకు మించినవానికి 21 దినముల గడువు. కట్టడపు కాగితము చేత పట్టుకొని నెలల తరబడి బల్ల నుండి బల్లకు తిరిగిన గృహస్థునకు ఇది మహోపకారము. నడిమి చేతుల బెడదయు కొంత తగ్గెను. నేనీ చట్టమును మెచ్చుకొందును. అయితే ఇందు పరిశీలన ముందునుండి వెనుకకు జరిగినది. యజమాని తన స్థలపు కొలతలను గూర్చి ప్రమాణము చేయగలడు. తన ఇంటి వెనుకనున్న వాగు ముప్పది యేండ్ల కొకసారి ఎంతదూరము వచ్చునో అతడు ప్రమాణము చేయజాలడు. అది ఊరి జ్ఞాపకములో నుండవలసిన విషయము. అనుమతి ఒక్కొక్క ఇంటికి వేగముగా లభించు కాలమున ఊరి మొత్తమునకు ప్రణాళిక మఱింత నెమ్మదిగా, మఱింత బహిరంగముగా జరుగవలెను. మనయొద్ద రెండును వేగముగానే సాగుచున్నవి.

ఇచట మఱియొక మాట జ్ఞాపకమునకు వచ్చుచున్నది. తెలంగాణమున నాలా యనగా నీరు పోవు కాలువ. వ్యవసాయభూమిని వ్యవసాయేతరముగా మార్చుకొనుటకు కూడ నేడు జనులు నాలా యనియే వ్యవహరింతురు. ఆ రెండవది ఆంగ్ల చట్టనామపు పొడి అక్షరముల కూర్పు. "నాలా అయినదా?" యని ప్లాటు కొనువాడు అడుగును. కాగితముపై నాలా వచ్చినచోట నేలపై నాలా పూడిపోవుట మన పట్టణములలో అరుదు కాదు. ఒకే శబ్దమునకు ఇట్లు పరస్పర విరుద్ధములైన రెండర్థములు కలుగుట నిఘంటుకారుడు గుర్తింపదగిన వింత.

ఆ మొదటి నాలా ఎవరి యనుమతికిని దరఖాస్తు పెట్టదు. 2025 ఆగస్టు 27న ఈ జిల్లాపై కురిసిన వాన పెద్దలెవరును ఎఱుగనిది. రాజంపేట మండలము అర్గొండలో ఒక్క దినమున 40 సెంటీమీటర్లకు మించి వర్షము పడెను. కామారెడ్డిలోని జీఆర్‌ కాలనీ, హౌసింగ్‌ బోర్డు కాలనీ నీట మునిగెను. జనులను మేడలపైనుండి కాపాడవలసివచ్చెను. భిక్కనూరు, తలమడ్ల నడుమ రైలుపట్టాల క్రింది కట్ట కొట్టుకొనిపోయెను. ఎల్లారెడ్డి వైపున, నాగిరెడ్డిపేట మండలమున, 1922లో పూర్తియైన పోచారము ఆనకట్ట మీదుగా వరద పొంగి పొర్లెను. దిగువ గ్రామములవారు భయముతో రాత్రి గడపిరి. ఆ పాత ఆనకట్ట నిలిచెను. అంతటి వానకు ఎంత మంచి ప్రణాళికయైనను పూర్తిగా తట్టుకొనగలదని నేననను. కాని ఏ చెరువు మత్తడి దూకినచో నీరు ఏ దారిని పోవును, ఏ శిఖము భూమి ఎంతవఱకు మునుగును అను విషయములు పల్లెలో ముసలివారికి తెలియును. ప్రణాళిక గీయునప్పుడు వారిని ఎవరైన అడిగిరా? అడిగినచో ఆ మాట పటముపై ఎచట వ్రాయబడినది?

అడుగుట సాధ్యము కాదనువారికి ఒక పాత కథ చెప్పెదను. పట్రిక్‌ గెడ్డీసు అను స్కాటుదేశపు పండితుడు 1914 మొదలుకొని కొన్ని యేండ్లు మనదేశమున పట్టణములు తిరిగెను. పాత వీథులను పడగొట్టి విశాలమైన తిన్నని రోడ్లు వేయుటను అతడు నిరసించెను. వైద్యుడు రోగిని పరీక్షించినట్లు మొదట ఊరిని నడచి చూడవలెననెను. 1918 ప్రాంతమున ఇందూరు సంస్థానమున ప్లేగు, చలిజ్వరములు వ్యాపించియుండగా అతడు కాగితముపై ప్రకటన వేసి ఊరకుండలేదు. రాజు ననుమతి పొంది ఒక దినము తానే మహారాజై, దీపావళి ఉత్సవము నేర్పఱచెను. ఏ వీథిలో ఎక్కువ ఇండ్లు శుభ్రపడునో ఆ వీథిగుండ ఊరేగింపు పోవునని చాటించెను. వీథులు ఊడ్చు పనివారు తెల్లబట్టలు ధరించి, పూలమాలలతో ఆ ఊరేగింపున నడచిరి. ఎలుక బొమ్మను మండించిరి. ఊరివారు చదువవలసిన గ్రంథమును ఆతడు ఊరివారి కన్నుల కెదురుగ ఆడించి చూపెను. గెడ్డీసు మన భాషలెఱుగని విదేశీయుడు. మనవారి మాట మనకు తెలిసియు మనమింత పని చేయలేమా?

చట్టము ఇందుకు అడ్డుపడుట లేదు సరికదా, తోడ్పడుచున్నది. 1992లో జరిగిన 74వ రాజ్యాంగ సవరణ పన్నెండవ అనుబంధమున పురపాలక సంఘములకు పదునెనిమిది విషయములను అప్పగించినది. వానిలో మొదటిది పట్టణ ప్రణాళిక. రెండవది భూవినియోగము, భవన నిర్మాణముల నియంత్రణము. తెలంగాణ పురపాలక చట్టము 2019లో ప్రతి వార్డునకు నాలుగు కమిటీలను విధించెను: యువజనులది, స్త్రీలది, వృద్ధులది, ప్రముఖ పౌరులది. ఒక్కొక్కదానిలో పదునేవురు సభ్యులు. ఈ సభలే నేటి శ్రోతలు. వారియెదుట ప్రణాళికను చదివి వినిపించుటకు ఏ కొత్త శాసనమును అక్కఱలేదు.

నేను కోరునది మితమైనది. పటముతోపాటు తెలుగున ఒక పట్టిక యుండవలెను: ఏ సర్వే నంబరు నిన్న ఏ వినియోగమున నుండెను, రేపు ఏ వినియోగమున నుండును, అందువలన యజమాని ఏమి చేయవచ్చును, ఏమి చేయరాదు. ఊరివారు ఆ పొలమును పిలుచు పేరు కూడ ప్రక్కన వ్రాసినచో మఱియు మంచిది. ఆ పట్టికను పంచాయతి చావడిలోను వార్డు కార్యాలయమునను అంటించి విడిచిపెట్టక, దినము నిర్ణయించి చదివి వినిపింపవలెను. వచ్చిన ప్రతి అభ్యంతరమునకు, అంగీకరించినను త్రోసిపుచ్చినను, కారణముతో కూడిన ప్రత్యుత్తరము వ్రాయవలెను. త్రోసిపుచ్చుట కంటె మౌనమే జనులకు ఎక్కువ కోపము తెప్పించును. రంగులు వేయుటకు ముందు నీటిదారులను గీయవలెను; చెరువు, శిఖము, మత్తడి, వాగు తమ పేర్లతో పటముపై నిలువవలెను. ఏ పొలమున లేఅవుటు వేసినను, మొదటి ప్లాటు అమ్ముటకు ముందే అనుమతి సంఖ్యయు విడిచిన ఖాళీ స్థలపు వివరమును తెలుపు పలక ఆ నేలమీదనే పాతవలెను.

కాలయాపన జరుగునని అధికారులు ఆక్షేపింతురు. కామారెడ్డిలో అరువది దినముల పద్ధతి వలన కాలమెంత మిగిలినదో వారే చెప్పవలెను. ప్రణాళిక తయారుచేయుటకు పట్టిన కాలమంతయు వ్యర్థమైనది. ఒక కుటుంబమునకు దుఃఖము మిగిలినది. గ్రామమునకు రెండు సాయంకాలములు వెచ్చించి ముందే చదివి వినిపించియున్నచో, పారిశ్రామిక జోను ఎటు జరుపవలెనో రైతులే చూపియుందురేమో. వారిలో కర్మాగారములు వలదనువారు కొందఱే; మూడు పంటలు పండు నేల తప్ప వేఱు నేల లేదా యని యడుగువారు పెక్కుమంది.

ఇక ఎల్లారెడ్డి. 2018లో పురపాలక సంఘమైన చిన్న పట్టణమది. మెదకు నుండి బాన్సువాడకు పోవు రోడ్డు జాతీయ రహదారియైనది. రోడ్డు వెడల్పైన వెంటనే దాని యిరుప్రక్కల ప్లాటు రాళ్లు మొలుచుట మనమెఱిగినదే. దిగువ నిజాంసాగరము, ఎగువ పోచారము, నడుమ వరి పొలములు. కామారెడ్డి యంత పెద్దది కాకపోవుటయే ఆ ఊరి యదృష్టము. ఊరంతయు ఒక్క మైదానమున కూర్చుండి మాటాడుకొనదగినంత చిన్నది. ఒక పటము గోడకెక్కక మునుపే అచటి పెద్దలు, రైతులు, వార్డు సభ్యులు తమ చెరువుల మత్తడి దారులను, తమ పొలముల పేర్లను తామే తెలుగున వ్రాసి పెట్టుకొనవచ్చును. మా కళాశాల విద్యార్థులవంటివారు ఒక వేసవి సెలవులలో ఆ పని చేయగలరు. అప్పుడు ప్రణాళికా రచయిత వచ్చి తన పటమును చదివి వినిపించినచో, ఎచట కొట్టివేయవలెనో, ఎచట దిద్దవలెనో ఆ సభ చెప్పగలదు. ఆ కాగితము దిద్దుబాట్లతో నల్లబడిన తరువాతనే దానిని ముసాయిదా యని పిలుచుటకు మనకు హక్కు కలుగును.